నడిగడ్డ నుంచి నల్లమల దాకా: ఇంజెక్టరు చప్పుడును పట్టే విద్య

మోటారు ఇంజన్ లోపలికి ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మే భాగాన్ని ఇంజెక్టరు అంటారు. పాత డీజిల్ ఇంజన్ల మీద చేయి తిరిగినవారు దానిని నాజిల్ అనే పిలుస్తారు. నిజానికి నాజిల్ ఇంజెక్టరు కొసన సూది, దాని గూడు కలిసి ఉండే చిన్న జత మాత్రమే. ఆ భాగం చేసే చప్పుడును విని ఇంజన్‌లో లోపం ఎక్కడున్నదో తేల్చే విద్య కార్లతో పుట్టి ఉంటుందని అనుకోవడం సహజం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల గత నూరేళ్ల చరిత్రను పరిశీలిస్తే మాత్రం క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ ఇంజన్ అనే వస్తువు బస్సుతో పరిచయమై, బావి గట్టున రైతు చేతికి వచ్చి, లారీల రోడ్డు పక్కన ఒక వృత్తిగా స్థిరపడింది. సొంత కారు వీటన్నిటి తరువాత వచ్చి, అప్పటికే సిద్ధంగా ఉన్న చెవులను ఆశ్రయించింది. ఆ చెవులు నేర్చుకున్న పాఠం డీజిల్ పాఠం కావడం వలన, తరువాత వచ్చిన పెట్రోలు ఇంజెక్టర్లను, ఆపైన కంప్యూటరు నడిపే ఇంజెక్టర్లను ఈ ప్రాంతపు మెకానిక్కులు అర్థం చేసుకున్న తీరు మీద కూడా ఆ పాఠం ముద్ర పడింది.

ఈ మూడు పట్టణాలకూ మోటారు వాహనంతో గాఢమైన బంధం ఏర్పడటానికి భూగోళమే మొదటి కారణం. గద్వాల కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకు కేంద్రం. వనపర్తి కృష్ణకు ఉత్తరాన ఉన్న ఒకప్పటి సంస్థానపు రాజధాని. 19వ శతాబ్దంలో కొంతకాలం జిల్లా కేంద్రంగా వెలిగిన నాగర్‌కర్నూల్ నుంచి తూర్పుకు వెళ్తే నల్లమల కొండలు మొదలవుతాయి. నిజాం కాలంలో సికింద్రాబాదు నుంచి దక్షిణంగా సాగిన మీటరుగేజి రైలు మార్గం గద్వాల పట్టణాన్ని తాకింది కానీ, వనపర్తికి దక్కినది ఊరికి దూరంగా ఉన్న వనపర్తి రోడ్ అనే స్టేషన్ మాత్రమే. నాగర్‌కర్నూల్‌కు అది కూడా దక్కలేదు. ధాన్యం, వేరుశనగ, మనుషులు, పశువులు, ఉత్తరాలు, ఏవి కదలాలన్నా ఎద్దుబండి తరువాత బస్సు, లారీలే గతి అయిన చోట, ఇంజన్ ఆగిపోవడం అంటే ఊరి బతుకులో ఒక భాగం ఆగిపోవడమే.

హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో మొదలయ్యాయి. నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా ఏర్పడిన రోడ్డు రవాణా విభాగం అప్పుడు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో పని ప్రారంభించింది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బస్సులు ఆ తొలితరానికి గుర్తు. ఆ కాలపు బస్సులలో పెట్రోలు ఇంజన్లే ఎక్కువ కనుక వాటికి ఇంజెక్టరు లేదు. గాలి వేగానికి పెట్రోలును పీల్చి కలిపే కార్బురేటరు, ఆ మిశ్రమాన్ని అంటించే స్పార్క్ ప్లగ్గు వాటి ముఖ్య భాగాలు. అయినా ఈ దశను దాటవేయరాదు, ఎందుకంటే ట్యాపెట్ చప్పుడు, బేరింగు చప్పుడు, పిస్టన్ చప్పుడు అనే తేడాలను వినడం అలవాటైంది ఈ ఇంజన్ల దగ్గరే. ట్యాపెట్ అంటే ఇంజన్ కవాటాన్ని తోసే భాగం. దానికీ కవాటానికీ మధ్య వదలవలసిన సన్నని సందు పెరిగితే టకటకమని మోగుతుంది. తరువాతి కాలంలో ఇంజెక్టరు చప్పుడుగా భ్రమపడినవాటిలో ఈ ట్యాపెట్ చప్పుళ్లూ ఉన్నాయి.

అసలు ఇంజెక్టరు ఈ నేలకు చేరినది బావి దగ్గరికి వచ్చిన ఆయిల్ ఇంజన్‌తో. వర్షం తక్కువ, చెరువులు పూర్తిగా నిండని ఏళ్లు ఎక్కువ అయిన, ఈ మూడు పట్టణాలూ ఉన్న పాలమూరు మెట్ట భూములలో రైతు తరతరాలుగా మోట బావి మీద ఆధారపడ్డాడు. ఒక జత ఎద్దులు, మోట కొట్టే మనిషి తెల్లవారుజాము నుంచి పొద్దెక్కే దాకా శ్రమిస్తే తడిసే నేల కొద్దిపాటిదే. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1930ల మొదట్లో తయారుచేసిన నెమ్మదైన ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్ ప్రపంచమంతటా ఇటువంటి నేలల కోసమే పుట్టినట్లుగా వ్యాపించింది. పుణేలో 1946లో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ ఏర్పడిన తరువాత, గుజరాతులోని రాజ్‌కోట్ కార్ఖానాలు లిస్టర్ నమూనాను తమ పోతలలో పోయడం మొదలుపెట్టిన తరువాత, ఐదు నుంచి ఎనిమిది అశ్వశక్తుల ఇంజన్ మధ్యతరగతి రైతుకు కూడా అందుబాటులోకి వచ్చింది. గట్టున దిమ్మె కట్టి ఇంజన్‌ను బిగించి, బెల్టుతో పంపును కలిపితే ఎద్దులకు విశ్రాంతి దొరికింది.

ఆ లిస్టర్ తరహా ఇంజన్ నిమిషానికి సుమారు 650 చుట్లు తిరిగేది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకు ఒకసారి మాత్రమే ఇంధనం మండుతుంది కనుక నిమిషానికి 325, అంటే సెకనుకు అయిదారు దెబ్బలు వినిపిస్తాయి. ఒక్కొక్క దెబ్బను చెవి విడివిడిగా పట్టుకోగల వేగం అది. నాలుగు సిలిండర్ల కారు ఇంజన్ వేగంలో దెబ్బలన్నీ కలిసిపోయి ఒకే మోతగా వినిపిస్తాయి కాబట్టి దానిలో తప్పిపోయిన దెబ్బను పట్టడానికి సాధన కావాలి. బావి ఇంజన్‌లో అయితే దెబ్బ గట్టిగా పడిందా, మెత్తగా పడిందా, ఒకటి తప్పిందా అన్నది పొలంలో దూరాన పారతో నీరు మళ్లిస్తున్న మనిషికి కూడా తెలుస్తుంది. ఏ బడీ, ఏ పుస్తకమూ ఇవ్వలేనంత నిలకడైన శిక్షణను ఈ ఇంజన్ ఇచ్చిందనడం అతిశయోక్తి కాదు, ఎందుకంటే నీరు ఆగితే పంట పోతుంది, పంట పోతే అప్పు మిగులుతుంది. చప్పుడు మారగానే తల ఎత్తి చూడటం రైతుకు జీవన్మరణ సమస్యగా ఉండేది.

ఆ చప్పుడు ఎందుకు పుడుతుందో తెలియాలంటే డీజిల్ ఇంజన్ పనితీరు కొంత తెలియాలి. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు అక్కరలేదు. పిస్టన్ గాలిని దాని పరిమాణంలో పదహారో వంతుకో ఇరవయ్యో వంతుకో నొక్కేసరికి ఆ గాలి వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. అందులోకి తుంపరగా చిమ్మిన నూనె తనంతట తానే అంటుకుంటుంది. చిమ్మిన క్షణానికీ అంటుకున్న క్షణానికీ నడుమ ఒక సెకనులో వెయ్యో వంతు పాటి ఆలస్యం ఉంటుంది. ఆ వ్యవధిలో పోగైన ఇంధనమంతా ఒక్కసారిగా మండటం వలన పీడనం ఉన్నట్టుండి పెరిగి లోహం మీద సుత్తి దెబ్బ వంటి శబ్దం వస్తుంది. దానినే నాకింగ్ అంటారు. మంచి డీజిల్ ఇంజన్‌లో కూడా ఇది కొంత ఉంటుంది, చల్లని ఇంజన్‌లో మరికొంత ఎక్కువ ఉంటుంది. ఇంజెక్టరు సూది గూటిలో ఇరుక్కున్నా, స్ప్రింగు బలహీనపడి ముందుగానే తెరుచుకున్నా, తుంపరకు బదులు చుక్కలు కారినా, పోగయ్యే ఇంధనం పెరిగి దెబ్బ కఠినమవుతుంది, పొగ నల్లబడుతుంది.

ఈ ఇంజన్ చరిత్రలో పాలమూరు మెట్ట రైతుకు దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపారు. ఫ్రెంచి ప్రభుత్వం తన ఆఫ్రికా వలసలలో పండే వేరుశనగను అక్కడే ఇంధనంగా వాడుకోవచ్చునా అన్న ఆలోచనతో ఆ ప్రయోగాన్ని కోరిందని రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా చెప్పాడు. వనపర్తి, గద్వాల, అచ్చంపేట, కల్వకుర్తి మార్కెట్లకు బండ్ల కొద్దీ చేరే పంట అదే. అయితే చిక్కని కాయనూనె సన్నని రంధ్రాలలో మడ్డి కట్టి సూదిని పట్టేస్తుంది కాబట్టి, పెట్రోలియం డీజిల్ చవకగా దొరికిన కాలంలో ఆ దారి ఎవరికీ అవసరం కాలేదు.

తొలి డీజిల్ ఇంజన్లలో ఇంధనాన్ని చిమ్మడానికి పెద్ద గాలి కంప్రెసరు కావలసి వచ్చేది, అందుకే అవి ఓడలకు, కార్ఖానాలకు పరిమితమయ్యాయి. స్టుట్‌గార్ట్‌లోని రాబర్ట్ బాష్ సంస్థ 1927లో చిన్న ఇంధన పంపును పెద్ద సంఖ్యలో తయారుచేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజన్ లారీల మీద విస్తృతంగా వ్యాపించింది. ఆ విద్య భారతదేశానికి 1951లో ఏర్పడిన బెంగళూరు సంస్థ మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ద్వారా వచ్చింది. మైకో అన్న దాని పొట్టి పేరు లారీ డ్రైవర్ల నోట ఎంతగా నిలిచిందంటే, 2008లో సంస్థ తన పేరును బాష్ లిమిటెడ్‌గా మార్చుకున్న తరువాత కూడా చాలామందికి ఇంధన పంపు అంటే మైకో పంపే. 1954 నుంచి టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు, ఆ దశకంలోనే అశోక్ లేలాండ్ బండ్లు రోడ్డెక్కడంతో, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే పాత 7వ నంబరు జాతీయ రహదారి, అంటే నేటి 44వ నంబరు రహదారి, ఈ ప్రాంతానికి కొత్త ప్రాణనాడి అయింది. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన, అలంపూర్ చౌరస్తా, ఆపైన కర్నూలు అన్నవి ఆ దారిలో వరుస మజిలీలు. తూర్పున కల్వకుర్తి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లే నల్లమల ఘాట్ రోడ్డు మరొక పరీక్షాస్థలం. చదును నేల మీద దాగి ఉన్న నాజిల్ లోపం ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగగా, దడదడగా బయటపడి తీరుతుంది. బండి గుంజుతలేదు అని డ్రైవరు చెప్పే ఒక్క మాటలో మెకానిక్కుకు కావలసిన సగం సమాచారం ఉంటుంది.

రోడ్డు పక్క షెడ్లలో రూపొందిన పరీక్ష పద్ధతి సరళమైనది, శాస్త్రీయమైనది కూడా. ఇంజన్‌ను నెమ్మదిగా నడవనిచ్చి, పంపు నుంచి ఒక్కొక్క ఇంజెక్టరుకు వెళ్లే ఉక్కు పైపు నట్టును పానాతో ఒకటొకటిగా సడలిస్తారు. సడలించిన సిలిండరుకు ఇంధనం అందక అది మండటం మానేస్తుంది. మంచి సిలిండరు అయితే ఇంజన్ వెంటనే తడబడుతుంది. సడలించినా తేడా రాకపోతే ఆ సిలిండరు అంతకుముందే పని చేయడం లేదని అర్థం. సడలించగానే కఠినమైన దెబ్బ మాయమైతే దోషి ఆ ఇంజెక్టరే. నాలుగు సిలిండర్లనూ ఆరు సిలిండర్లనూ ఇలా పోల్చి చూసే మెకానిక్కు తార్కికంగా చేస్తున్నది ప్రయోగశాలలో ఒక్కొక్క కారణాన్ని తొలగించి ఫలితాన్ని గమనించే పనే. దెబ్బ మాయం కాకుండా కొంచెం తగ్గితే అది పిస్టన్ పిన్నుదో, కనెక్టింగ్ రాడ్ బేరింగుదో కావచ్చునని, ఏమాత్రం మారకపోతే ట్యాపెట్ల వైపు చూడాలని అతనికి తెలుసు. పొడవైన స్క్రూడ్రైవరు కొసను ఇంజెక్టరు మీద ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు నొక్కి వినడం ఈ పరీక్షకు తోడు. వైద్యుడు స్టెతస్కోపుతో చేసే పనిని ఇక్కడ ఉక్కు ఊచ చేస్తుంది, లోహంలో శబ్దం గాలిలో కంటే ఎన్నో రెట్లు వేగంగా, తక్కువ నష్టంతో ప్రయాణిస్తుంది కాబట్టి.

దోషిగా తేలిన ఇంజెక్టరును విప్పిన తరువాత నాజిల్ టెస్టరు మీద బిగిస్తారు. అది చేతి మీటతో నొక్కే చిన్న పంపు, పీడనం చూపే గడియారం కలిసిన పరికరం. బార్ అంటే దాదాపు వాతావరణ పీడనానికి సమానమైన కొలత. పాత డీజిల్ నాజిళ్లు రకాన్ని బట్టి సుమారు 120 నుంచి 250 బార్ల వద్ద తెరుచుకునేలా అమరుస్తారు. మీటను నెమ్మదిగా నొక్కినప్పుడు మంచి నాజిల్ కిర్రుమని పలుకుతుంది. పీడనం స్ప్రింగు బలాన్ని మించినప్పుడు సూది లేచి, పీడనం పడగానే మూసుకుని, మళ్లీ లేవడం క్షణంలో ఎన్నోసార్లు జరగడమే ఆ పలుకుకు కారణం. చెడిన నాజిల్ మౌనంగా కారుతుంది. ఇంజన్ మీద మోత చేసే నాజిల్ బల్ల మీద మూగబోవడం, ఇంజన్ మీద నిశ్శబ్దంగా పనిచేసే నాజిల్ బల్ల మీద పలకడం కొత్తగా నేర్చుకునేవారిని తికమక పెట్టే సంగతి. సూదికీ గూటికీ నడుమ ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు మూడు మాత్రమే కావడం వలన ఒక జతలోని సూది మరొక గూటికి పనికిరాదు; దుమ్ము లేని గది, గట్టి నూనె వడపోత లేకుండా ఈ పని చేస్తే బాగుచేసినది మరునాడే పాడవుతుంది. అందుకే పెద్ద పంపు పనులు, అన్ని సిలిండర్లకూ సమానంగా ఇంధనం కొలిచే కాలిబ్రేషన్ పనులు చాలాకాలం కర్నూలు, హైదరాబాదు వంటి నగరాలకే వెళ్లేవి. చిన్న పట్టణాల షెడ్లు నిర్ధారణ, విప్పడం, బిగించడం, గాలి తీయడం వరకు చేసేవి. రోగం తేల్చడం ఒకచోట, చికిత్స మరొకచోట జరిగే ఈ విభజన చిన్న పట్టణపు మెకానిక్కు చెవికి అసాధారణమైన విలువ తెచ్చింది: అతను తప్పు నాజిల్‌ను చూపిస్తే ఒక రోజు బస్సు ప్రయాణం, ఒక రోజు కిరాయి, నాజిల్ ఖర్చు అన్నీ వృథా.

ఈ విద్య ఉస్తాదు నుంచి శిష్యుడికి నోటిమాటగా, చేతిపనిగా సంక్రమించింది. గ్యాసునూనెలో, అంటే కిరసనాయిలులో, భాగాలు కడగడంతో మొదలుపెట్టిన కుర్రవాడు పానాల నంబర్లు, నట్టు బిగించవలసిన బలం, చివరకు చప్పుడు తేడాలు నేర్చుకునేవాడు. వారిలో అనేకులు బడి మానేసి వచ్చిన పిల్లలు. ఈ వృత్తి నైపుణ్యాన్ని గౌరవించే ఏ చరిత్ర అయినా, ఆ నైపుణ్యం వెనుక ఒక తరం పిల్లలు కోల్పోయిన చదువు ఉన్నదని, షెడ్డులోని నిరంతర మోత అదే చెవులను కాలక్రమంలో మొద్దుబార్చేదని చెప్పకుండా ఉండకూడదు. బాలకార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చింది. ఆటోమొబైల్ మరమ్మతు పనిని పిల్లలకు ప్రమాదకరమైన పనుల పట్టికలో చేర్చడం ఆ తరువాత జరిగింది.

ఇదే ప్రాంతంలో మరొక విద్యాధార కూడా ప్రవహించింది. వనపర్తి రాజభవనంలో 1959లో ప్రారంభమైన కృష్ణదేవరాయ పాలిటెక్నిక్, సంస్థానాధిపతి రాజా రామేశ్వరరావు చొరవతో, ఆయన తండ్రి పేరు మీద ఏర్పడింది. సంస్థానాలు రద్దయిన పదేళ్లకు రాజభవనంలో ఇంజన్ భాగాల బొమ్మలు గీసే విద్యార్థులు చేరడం ఈ జిల్లాల ఆధునిక చరిత్రలో చిన్న ఘట్టం కాదు. డీజిల్ చక్రం, పీడన రేఖాచిత్రం, మండే ఆలస్యానికి కారణాలు అక్కడ ఆంగ్లంలో బోధించారు. కొత్తకోట, పెబ్బేరు షెడ్లలో అవే విషయాలను చప్పుడు రూపంలో తెలుగు, ఉర్దూ కలిసిన మాటలలో నేర్చుకున్నారు. ఒకరికి కారణం తెలుసు, మరొకరికి లక్షణం తెలుసు. ఈ రెండు ధారలు కలిసే తెలుగు పుస్తకం, అంటే ఏ చప్పుడుకు ఏ కారణమో మెకానిక్కు భాషలోనే విడమరచే పుస్తకం, ఆ రోజుల్లోనే షెడ్డులోకి వెళ్లి ఉంటే ఎన్నో ఇంజన్లు, ఎంతో శ్రమ మిగిలేవి. రెండు ధారలు కొంతవరకు కలిసిన చోటు ఆర్టీసీ డిపో. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన తరువాత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో నడిచిన డిపోలలో లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క నిత్యకృత్యం. ఒక బస్సు లెక్క పడిపోతే నాజిళ్లు విప్పి చూడటం అక్కడ ఆనవాయితీ అయింది. చెవి చెప్పినదానిని అంకె ధ్రువపరిచే అలవాటు ఈ ప్రాంతంలో అలా వచ్చింది.

ఆయిల్ ఇంజన్ మాత్రం నెమ్మదిగా బావి వదిలిపోయింది. వ్యవసాయ విద్యుత్తు విస్తరించి, 2004లో ఉచిత విద్యుత్తు వచ్చి, బావుల స్థానంలో బోర్లు దిగిన కొద్దీ కరెంటు మోటారుదే రాజ్యమైంది. బోరు వేసే లారీల కంప్రెసర్లలో, ట్రాక్టర్లలో, జూరాల ప్రాజెక్టు వంటి నిర్మాణాలకు వచ్చిన మట్టిపని యంత్రాలలో డీజిల్ మోత కొనసాగింది.

కారు వచ్చేసరికి ఈ నేపథ్యం అంతా సిద్ధంగా ఉన్నది. 1980లో డీజిల్ ఇంజన్‌తో వచ్చిన అంబాసిడర్, డీజిల్ జీపులు, 1998 నాటి డీజిల్ ఇండికా ఈ ప్రాంతపు మెకానిక్కుకు చిన్న లారీలే. పాత పద్ధతులన్నీ వాటికి సరిపోయాయి. నిజమైన మార్పు పెట్రోలు కారుతో వచ్చింది. 1998లో విడుదలైన శాంట్రో వంటి కార్లలో కార్బురేటరు లేదు. ఒక్కొక్క సిలిండరుకు ఒక విద్యుత్ ఇంజెక్టరు ఉండే ఈ ఏర్పాటునే ఎంపీఎఫ్‌ఐ అని పిలిచారు. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కొత్త కార్లకు యూరో కాలుష్య ప్రమాణాలను తప్పనిసరి చేయడంతో కార్ల కంపెనీలన్నీ ఆ దారి పట్టాయి, ఢిల్లీ కోసం మారిన ఇంజన్లే కొద్ది ఏళ్లలో వనపర్తి వీధులకు కూడా వచ్చాయి. ఈ ఇంజెక్టరులో తీగచుట్టకు కరెంటు అందగానే అది అయస్కాంతమై సూదిని మిల్లీమీటరులో పదో వంతు పాటి ఎత్తు లేపుతుంది, కరెంటు ఆగగానే స్ప్రింగు సూదిని తిరిగి గూటికి కొడుతుంది. లోపలి పీడనం మూడు బార్ల దగ్గరే ఉంటుంది. వినిపించేది సూది కొట్టుకునే టిక్కుమనే శబ్దం మాత్రమే, మంట చేసే దెబ్బ కాదు. డీజిల్ చెవికి ఇది పూర్తిగా కొత్త, ఎందుకంటే డీజిల్‌లో చప్పుడు పెరగడం రోగలక్షణం, ఇక్కడ టిక్కుమనడం ఆరోగ్యలక్షణం; ఒక ఇంజెక్టరు టిక్కుమనకపోతేనే అది చచ్చిందని అర్థం.

అందువలన కొత్త కారు మూత ఎత్తి ఇంజెక్టర్లు మోగుతున్నాయని ఆందోళనపడే యజమానికి సరైన సమాధానం చెప్పడానికి ఓపిక కావాలి. నాలుగూ ఒకే స్వరంలో టిక్కుమంటే లోపం లేదు. ఒకటి మాత్రం గట్టిగా మోగితే, స్క్రూడ్రైవరుతో నాలుగింటినీ పోల్చి, అనుమానితుడి కరెంటు కనెక్టరును క్షణం తీసి చూడాలి. శబ్దం ఆగితే అది ఇంజెక్టరుదే, ఆగకపోతే ట్యాపెట్లదో, ఎగ్జాస్ట్ గాస్కెట్ లీకుదో, పెట్రోలు ట్యాంకు ఆవిరిని ఇంజన్‌లోకి పంపే పర్జ్ వాల్వుదో అయి ఉంటుంది. ట్యాపెట్, ఇంజెక్టరు రెండూ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారే మోగుతాయి కనుక వేగాన్ని బట్టి వాటిని విడదీయలేరు, చోటును బట్టే విడదీయాలి. తరువాత మల్టీమీటరుతో తీగచుట్ట నిరోధాన్ని కొలుస్తారు. సాధారణంగా అది 12 నుంచి 16 ఓముల నడుమ, నాలుగింటిలోనూ దాదాపు సమానంగా ఉండాలి. అనుమానితుడిని పక్క సిలిండరులో బిగిస్తే శబ్దం కూడా దానితో తరలివెళ్లిందా అన్నది చివరి రుజువు. ఎండి గట్టిపడిన రబ్బరు వలయాల వలన మంచి ఇంజెక్టరు కూడా ఇంజన్ లోహానికి తగిలి గట్టిగా మోగవచ్చు. చవకైన రబ్బరు మార్చడంతో పోయే చప్పుడుకు ఇంజెక్టర్లన్నిటినీ మార్పించడం కొనుగోలుదారుకు అన్యాయం. కిరసనాయిలు కల్తీ కలిసిన ఇంధనం కూడా ఈ లెక్కలో ఉన్నది. అది డీజిల్‌కు ఉండే జిడ్డును తగ్గించి పంపును, సూదిని అరగదీస్తుంది, పెట్రోలులో కలిస్తే మంటనే చెడగొడుతుంది.

డీజిల్ కార్లలో విప్లవం కామన్ రైలుతో వచ్చింది. పంపు ఇంధనాన్ని ఒక ఉక్కు గొట్టంలో ఎల్లవేళలా అత్యధిక పీడనంతో నిలవ ఉంచితే, కంప్యూటరు ఆజ్ఞతో ఇంజెక్టర్లు అవసరమైనంత తీసుకునే ఏర్పాటు అది. కార్లలో 1997లో ఐరోపాలో మొదలై, 2002లో హ్యుండాయ్ యాక్సెంట్‌తో ఇండియాకు, 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్‌తో పల్లె రోడ్ల దాకా చేరింది. అసలు దెబ్బకు ముందు ఒక చిటికెడు ఇంధనాన్ని ముందస్తుగా చిమ్మడం వలన మంట మెల్లగా అంటుకుని, డీజిల్‌కు ప్రాణలక్షణంగా భావించిన ఆ దడదడ చాలావరకు అణిగిపోయింది. చెవికి వినిపించే సమాచారం తగ్గింది. అంతకంటే ముఖ్యంగా, నట్టు సడలించే పాత పరీక్ష ప్రాణాంతకమైంది. కారు టైరులో గాలి రెండుంపావు బార్ల దగ్గర ఉంటుంది. కామన్ రైలులో ఇంధనం 1600 బార్లకు చేరుతుంది. ఆ పీడనంతో చిమ్మిన సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని చేతిలోకి దిగుతుంది. గాయం పైకి సూదిపోటంతే కనిపించినా వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే వేలు, చేయి పోయే ప్రమాదం ఉంటుంది. మూడు దశాబ్దాల అనుభవంతో చేయి దానంతట అదే పానా వైపు వెళ్లే ఉస్తాదుకు ఈ హెచ్చరిక ప్రతి షెడ్డు గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. దాని స్థానంలో వచ్చిన పరీక్ష వేరు: ఒక్కొక్క ఇంజెక్టరు నుంచి వెనక్కి వచ్చే ఇంధనాన్ని సమానమైన సీసాలలోకి మళ్లించి, కొంతసేపు నడిపి, ఏ సీసా అతిగా నిండిందో చూడటం. అతిగా నిండిన సీసా తాలూకు ఇంజెక్టరు లోపల అరిగిందని అర్థం. పాత తర్కమే, ఒకదానితో ఒకటి పోల్చే తర్కమే, చెవి నుంచి కంటికి మారింది.

స్కానరు ఈ మార్పును పూర్తిచేసింది. డాష్‌బోర్డు కింద పదహారు పిన్నుల రంధ్రంలో గుచ్చితే కంప్యూటరు తన ఫిర్యాదును సంకేతంగా చెబుతుంది. పి0201 నుంచి పి0204 వరకు ఉన్న సంకేతాలు మొదటి సిలిండరు నుంచి నాలుగో సిలిండరు దాకా ఇంజెక్టరు కరెంటు మార్గంలో లోపాన్ని తెలుపుతాయి. అయితే సంకేతం చెప్పేది కరెంటు మార్గం గురించే. ఇంజెక్టరు కింద ఉండే రాగి వాషరు కాలి, సిలిండరు వాయువు ఛఫ్ ఛఫ్ మని బయటకు తన్నుతూ చుట్టూ నల్లని మసి ముద్ద కట్టినప్పుడు, కరెంటు మార్గం సవ్యంగా ఉన్నంతకాలం ఈ సంకేతాలలో అది కనిపించదు. ముందుగా చెవి పడుతుంది, తరువాత కన్ను ధ్రువపరుస్తుంది. స్కానరు చేతికి రాగానే చెవి పని అయిపోయిందన్న అభిప్రాయం ఈ ఒక్క ఉదాహరణతోనే నిలవదు.

2020 ఏప్రిల్ 1న దేశమంతటా భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి రావడంతో చిన్న డీజిల్ కార్ల తయారీ భారమై, మారుతి సంస్థ డీజిల్ కార్లను పూర్తిగా మానివేసింది. అయినా నాజిల్ టెస్టర్లు మూలపడలేదు. ట్రాక్టర్లకు కొత్త ప్రమాణాలు 2023 జనవరి నుంచి 50 అశ్వశక్తులకు మించినవాటికే వర్తించాయి. దేశంలో అమ్ముడయ్యేవాటిలో అధికభాగం అంతకంటే చిన్నవి కావడం వలన, వాటిలో ఎన్నో ఇప్పటికీ పాత తరహా యాంత్రిక పంపుతోనే నడుస్తున్నాయి. నడిగడ్డ పత్తి చేలలోనూ, నాగర్‌కర్నూల్ వేరుశనగ చేలలోనూ దున్నే అటువంటి ట్రాక్టరు దడదడలాడితే, దానిని తెచ్చిన షెడ్డులో నట్లను ఒకటొకటిగా సడలించే పరీక్షే మొదట జరుగుతుంది. అదే షెడ్డు ముందు నిలిచిన స్విఫ్ట్ డీజిల్‌కు మాత్రం నట్టు ముట్టుకోకుండా సీసాలు తగిలిస్తారు.